నర్సన్న బయలుదేరారు

సోమవారం ఉదయం టిఫిను డబ్బా బల్ల మీద పెడుతూ మహేంద్ర ఆ రోజుకు ఒకే ఒక్క పని అనుకున్నాడు. సాయంత్రం ఐదు కొట్టేలోగా కంప్యూటరులో నాలుగు వందల పన్నెండు ఖాళీ గడులు నింపాలి. నింపితే ఉద్యోగం నిలుస్తుంది. పటాన్‌చెరులో మందుల దుకాణం పైన రెండు గదుల్లో నడిచే ఆ ఇంటర్నెట్ కంపెనీలో అతను చేరి అయిదున్నర నెలలైంది. ఆరో నెల ముగిసేదాకా ఎప్పుడైనా పొమ్మనవచ్చు. ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడు అతనే. వాళ్ళ నాన్న రోలింగ్ మిల్లులో కాలే కడ్డీల పక్కన ఇరవై ఆరేళ్ళు నిలబడి చదివించాడు. కుర్చీలో కూర్చుని చేసే పని పోగొట్టుకుని ఆయన ఎదుటికి వెళ్ళే ధైర్యం మహేంద్రకు లేదు.

కంపెనీ యజమాని బాపిరాజు గారిది భీమవరం వైపు. ఇక్కడి సర్కారు కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చి, అది మానేసి, కేబుల్ టీవీ పెట్టి, రెండేళ్ళ కిందట ఫైబర్‌లోకి దిగారు. ఇంతకాలం ఆయన వైర్ల వివరాలన్నీ ఆరు నోటు పుస్తకాల్లో, రెండు వాట్సాప్ గ్రూపుల్లో, నర్సన్న అనే పెద్ద లైన్‌మన్ తలలో ఉండేవి. ఆ తల మొన్న వానాకాలంలో గుండె ఆగి పోయింది. అప్పుడు బాపిరాజు గారు కొత్త సిస్టం తెప్పించారు. కేబుళ్ళు, స్తంభాలు, తీగలు అతికిన డబ్బాలు, ఇళ్ళు, ఫిర్యాదులు, పనివాళ్ళు అన్నీ అందులోనే. ఫిర్యాదు వస్తే ఏ డబ్బాలో లోపమో అదే పట్టుకుంటుంది, ఆ డబ్బా ఎవరిదో వాళ్ళ ఫోనుకు పని పంపుతుంది, ఇంటివాళ్ళకు మెసేజ్ పంపుతుంది. మనిషి వేలు పెట్టక్కర్లేదు.

"శుక్రవారం పదింటికి తెల్లాపూర్ అపార్టుమెంట్ల సంఘం కార్యదర్శి శివరామకృష్ణ గారు వస్తున్నారయ్యా. పదకొండు వందల ఇళ్ళు. సిస్టం చూసి నచ్చితే మనతో ఉంటారు. నచ్చకపోతే నీకూ నాకూ బోలెడు ఖాళీ," అన్నారు బాపిరాజు గారు.

ప్రతి డబ్బాకూ మిగిలిన గడి ఒక్కటే: 'ఈ డబ్బా అతికినది ఎవరు?' అది ఖాళీగా ఉంటే సిస్టం ఎర్రగా మెరుస్తూ ముందుకు కదలనివ్వదు. మహేంద్ర లైన్‌మన్ తాజ్ మొహమ్మద్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటే అడిగాడు.

"కర్దనూర్ కిరాణా షాపు ఎనక డబ్బా?"

"నర్సన్న."

"వెలిమెల కమాను కాడిది?"

"నర్సన్న. అరె, అన్నీ నర్సన్ననే భాయ్. మేమంత స్తంభాలెక్కి వైరు గుంజినోళ్ళం. అతికింది ఆయన ఒక్కడే. తెల్లారంగనే పోయి అతికొస్తుండె. ఎవర్నీ రానియ్యకపోతుండె."

మహేంద్ర అబద్ధం రాసే మనిషి కాదు. నాలుగు వందల పన్నెండు గడుల్లోనూ నర్సన్న అనే రాశాడు. ఆ మనిషి ఫోను నంబరు కావాలంది సిస్టం. ఫిర్యాదులు రాసుకునే ఇంద్రజ కూర్చునే చోట గోడ మీద పెన్సిలుతో రాసిన పాత నంబరు ఉంటే అదీ కొట్టాడు. చనిపోయిన మనిషి ఫోను ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది కదా అనుకున్నాడు. ఐదుకు అయిదు నిమిషాలుండగా ఎరుపంతా పచ్చబడింది. తెర మీద ఒక వరుస దానంతటదే వచ్చింది.

'నర్సన్న: విధుల్లో ఉన్నారు.'

ఏసీ చల్లగా తగిలి మహేంద్ర భుజాలు ముడుచుకున్నాడు. ఆ గదిలో ఏసీ లేదు.

మంగళవారం ఉదయం ఏడు గంటలకే ఫోను మోగింది. ఇంద్రజ స్పీకరులో పెట్టింది. కర్దనూర్ కిరాణా షాపు యాదగిరి.

"మేడం, ఒక్క మాట అడుగుత, నిజం జెప్పు. నర్సన్న సచ్చిపోయిండు గద?"

"అవునన్నా. ఆషాఢంల."

"మరి ఇయ్యాల పొద్దుగాల నా షాపు కాడికి ఎట్ల వచ్చిండు?"

ఇంద్రజ మహేంద్ర వైపు చూసింది. యాదగిరి గొంతు తగ్గించాడు.

"రాత్రి నెట్ పోయిందని కంప్లెంటు పెట్టిన. ఆరింటికి మెసేజ్ వచ్చింది, నర్సన్న బయలుదేరారు అని. నవ్విన. ఆరున్నరకు ఇంకోటి, నర్సన్న మీ గుమ్మం వద్ద ఉన్నారు అని. షటరు సందులకెళ్ళి సూసిన. మస్తు మంచు. మీ కంపెనీ నీలం జర్కిన్, ఎనక తెల్లగ నర్సన్న అని రాసున్నది. ఆ వైర్లతికే మిషను మోస్తే ఒక భుజం ఒంగుతది సూడు, గట్లనే ఒంగి నడుస్తున్నడు."

"పిలిచినవా అన్నా?"

"నేనెందుకు పిలుస్త? లోపల్నించి తాళమేసుకున్న."

"మరి నెట్?"

"వచ్చింది. ఎన్నడు లేనంత మంచిగ వస్తున్నది. గదే నా పరేషాన్."

మహేంద్ర సిస్టం తెరిచాడు. ఫిర్యాదు ఆరు నలభైకి ముగిసింది. చేసినవారు నర్సన్న. ఇంటివారి అభిప్రాయం ఐదు నక్షత్రాలు.

"అన్నా, ఐదెందుకిచ్చినవ్?" అన్నాడు ఫోనులోకి వంగి.

"తక్కువిస్తే అడగనీకి మల్ల వస్తడని."

ఇది చిన్న పొరపాటు, పేరు తీసేస్తే సరిపోతుంది అనుకున్నాడు మహేంద్ర. తీసేయబోతే సిస్టం ఒప్పుకోలేదు. 'ఈ ఉద్యోగి కింద 412 డబ్బాలు, 3 పనులు ఉన్నాయి. తొలగించడం కుదరదు.' విధులు ముగిసిన కారణం అనే చోట చూశాడు. రాజీనామా, పదవీ విరమణ, బదిలీ ఉన్నాయి. మరణం లేదు. రాజీనామా నొక్కితే, ఉద్యోగి ఫోనుకు ఓటీపీ పంపాం, ఆయనను అడిగి నమోదు చేయండి అంది.

"అడుగు మరి," అంది ఇంద్రజ, తన కుర్చీ గోడ వైపు జరుపుకుంటూ.

మహేంద్ర ఆ నంబరుకు ఫోను చేశాడు. అవతల మోగింది. ఆగిపోయి ఉండాల్సిన ఫోను మూడుసార్లు మోగాక ఎవరో ఎత్తారు. మాట లేదు. ఎక్కడో లోతులోంచి బుస్సుమని ఆవిరి చప్పుడు, ఇనుము మీద ఇనుము మోగిన చప్పుడు, దూరంగా ఎవరో ఎవరినో కేకేస్తున్నట్టు ఒక అరుపు. మహేంద్ర ఫోను పెట్టేశాడు.

"ఏమన్నడు?" అంది ఇంద్రజ.

"మస్తు వేడిగ ఉన్నట్టున్నది అక్కడ," అన్నాడు మహేంద్ర.

మిగిలిన మార్గం సెలవు. నర్సన్నకు సెలవు పెడితే పనులు వేరేవాళ్ళకు వెళతాయి. సెలవు ఏడు రోజులకు మించకూడదు, తిరిగి వచ్చే తేదీ తప్పక రాయాలి అని ఉంది. లెక్కగట్టి రాశాడు. మరుక్షణం ఆ నాలుగు వందల పన్నెండు డబ్బాల కింద ఉన్న ప్రతి ఇంటికీ మెసేజ్ వెళ్ళింది: 'మీ ప్రాంత నిపుణులు నర్సన్న ప్రస్తుతం అందుబాటులో లేరు. వచ్చే సోమవారం తిరిగి వస్తారు.'

వచ్చే సోమవారం అమావాస్య. ఆ సంగతి మహేంద్ర చూసుకోలేదు. కర్దనూర్ చూసుకుంది.

అరగంటలో ఇంద్రజ డెబ్భై ఫోన్లు ఎత్తింది. ఎవరూ నెట్ గురించి అడగలేదు. ఒకాయన, ఇంటికొక నర్సన్న వస్తే బలికి ఊళ్ళో కోళ్ళు చాలవన్నాడు. ఒక్కడే వస్తాడని ఇంద్రజ చెబితే, మరి నలుగురికి మెసేజెందుకు పెట్టిండ్రని తిట్టాడు. మహేంద్ర సెలవు రద్దు చేశాడు. సిస్టం తన ధర్మం ప్రకారం అందరికీ మరో మెసేజ్ పంపింది.

'శుభవార్త. నర్సన్న తిరిగి వచ్చారు.'

బుధవారం ఉదయం తాజ్ కర్దనూర్ వెళ్ళి వచ్చి, తన సంచి కుర్చీకి తగిలించకుండా చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. దారిలో ప్రతి డబ్బాకూ నిమ్మకాయలు, మిరపకాయలు కట్టి ఉన్నాయట. ఒక స్తంభం కింద బీడీ కట్ట, సగం సీసా కల్లు పెట్టారట. బీడీ కట్ట ఆయనకిష్టమైనదే.

"గవి గాదు భాయ్. ఇది సూడు," అని జేబులోంచి ఒక గుడ్డ పీలిక తీశాడు. పసుపు అంచున్న ఆకుపచ్చ చీరది. "నర్సన్నకు నంబరు చీటీలు పెట్టే అలవాటు లేకుండె. వైరుకో చీర పీలిక కడుతుండె. రంగును బట్టి ఏది ఎక్కడికి పోతదో ఆయనకే ఎరుక, మాకు తెల్వది. యాదగిరి షాపు ఎనక దొరికింది ఇది. ఎండకు తెల్లబడలే, దుమ్ము లేదు. నిన్న కట్టింది."

ఆ పీలిక బల్ల మీద పడి ఉంది. ముగ్గురిలో ఎవరూ మళ్ళీ దాన్ని ముట్టుకోలేదు.

"తాజ్ భాయ్, ఇయ్యాల పాశమైలారం పని నువ్వు పోయి చెయ్యి. నర్సన్న పేరు మీద పడ్డది," అన్నాడు మహేంద్ర.

"ఆయన డ్యూటీ ఆయన చేస్తుండు. మర్హూంతోని, పోయిన మనిషితోని, నాకు పోటీ ఎందుకు? తౌబా." తాజ్ వెళ్ళలేదు. పని మాత్రం ఆరు యాభైకే అయిపోయి ఉంది. ఐదు నక్షత్రాలు.

అంతవరకూ ఏమీ తెలియని బాపిరాజు గారు మధ్యాహ్నం వచ్చి సిస్టం చూసి పొంగిపోయారు. పెండింగు ఫిర్యాదులు సున్నా. పన్నెండేళ్ళలో ఆయన సున్నా చూడలేదు. "ఈ వారం ఉత్తమ ఉద్యోగి అని చూపిస్తోందే, ఎవరయ్యా?" అంటూ కళ్ళజోడు పెట్టుకుని దగ్గరికి వంగారు. వంగినవారు చాలాసేపు లేవలేదు.

మహేంద్ర జరిగిందంతా దాచకుండా చెప్పాడు. బాపిరాజు గారు కిటికీలోంచి బయటికి చూశారు. ఫ్యాక్టరీల వైపు నుంచి వచ్చే మందుల వాసన గదిలోకి పాకుతోంది.

"జీతం అడుగుతున్నాడా?" అన్నారు మెల్లగా.

"లేదు సార్."

"అయితే శుక్రవారం దాకా కదిలించకు."

గురువారం చీకటి పడే వేళ వెలిమెల దగ్గర కొత్త విల్లాల కోసం తవ్వుతున్న జేసీబీ, తెల్లాపూర్‌కు వెళ్ళే పెద్ద కేబుల్‌ను వేళ్ళతో సహా గడ్డి పీకినట్టు పీకేసింది. పదకొండు వందల ఇళ్ళకూ ఒక్కసారే నెట్ పోయింది. శివరామకృష్ణ గారిల్లు కూడా వాటిలోనే ఉంది. అది తిరిగి అతకాలంటే పక్కనున్న నర్సన్న డబ్బా తెరవాలి. సిస్టం చూపిన చోట కొత్త ప్రహరీ గోడ ఉంది, డబ్బా లేదు. తాజ్, మరో ఇద్దరూ టార్చిలైట్లతో వెతికి ఉత్త చేతులతో వచ్చారు. బాపిరాజు గారు మహేంద్రను ఒకసారి చూసి, బండి తాళం తీసుకుని వెళ్ళిపోయారు. తిట్టి ఉంటే బాగుండేది. మహేంద్ర ఇంటికి ఫోను చేసి, పని ఉంది, రేపు మాట్లాడతానని నాన్నకు చెప్పి, బల్ల మీదే తల వాల్చాడు.

శుక్రవారం ఉదయం అయిదూ ముప్పావుకు సిస్టం టింగుమంది.

'నర్సన్న బయలుదేరారు.'

మ్యాపులో కర్దనూర్ అంచున ఒక నీలం చుక్క పుట్టింది. కాసేపు మెల్లగా కదిలి, రోడ్డెక్కి, షేరింగ్ ఆటోలా మధ్యమధ్య ఆగుతూ వెలిమెల వైపు వేగంగా సాగింది. దయ్యానికి షేరింగ్ ఆటో ఎందుకనే ప్రశ్న ఆ క్షణంలో మహేంద్రకు తట్టలేదు. ఆఫీసు మెట్ల మీద పడుకున్న తాజ్‌ను లేపాడు.

"నడువు భాయ్. చుక్క పోతున్నది."

"నేను రాను."

"నాకు ఉద్యోగం పోతది."

తాజ్ అతని ముఖం చూసి, తాయెత్తు చొక్కా బయటికి తీసి వేసుకుని, బండి వెనుక ఎక్కాడు. దారి పొడుగునా ఏదో చదువుతూనే ఉన్నాడు. మంచు ఎంత దట్టంగా ఉందంటే ఎదురుగా వచ్చే లారీలకు దీపాలే ఉన్నాయి, లారీలు లేవు. వెలిమెల దాటాక చుక్క ఆగింది. బండి ఆపితే ఎక్కడా చప్పుడు లేదు. కొత్త ప్రహరీ గోడ చివర, పాడుబడ్డ బోరు గది లోపల తెల్లటి వెలుగు మినుకు మినుకుమంటోంది. ఆ వెలుగు ముందు ఎవరో కూర్చుని ఉన్నారు. వీపు ఇటువైపు. నీలం జర్కిన్. తెల్లటి అక్షరాలు.

మహేంద్రకు వెనక్కి తిరగాలనిపించింది. అయినా పిలవాలి. పదింటికి ఇంకా మూడున్నర గంటలే ఉన్నాయి.

"నర్సన్నా..."

వీపు కదల్లేదు. చేతులు మాత్రం పని చేస్తూనే ఉన్నాయి.

"ఆయన లేడు సారూ. ఏం గావాలె?"

తాజ్ రెండడుగులు వెనక్కి వేసి, మళ్ళీ నాలుగు ముందుకు వేశాడు. "భాభీ!"

నర్సన్న భార్య బాలమణి తల తిప్పి చూసింది. జర్కిన్ లోపల ఏదో ఫ్యాక్టరీ క్యాంటీన్ చీర. ఒళ్ళో స్ప్లైసింగ్ మిషను. దాని చిన్న తెర వెలుగులో వెంట్రుకకన్నా సన్నటి రెండు గాజు తీగలు ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి. ఆమె మీట నొక్కింది. చిటుక్కుమని ఒక మెరుపు. రెండు తీగలు ఒకటయ్యాయి.

"నిలబడి సూస్తరేంది? జెర లైటు పట్టుండ్రి."

ఇద్దరూ లైటు పట్టారు.

"నువ్వు అతుకుతవని నాకు తెల్వదు గద భాభీ," అన్నాడు తాజ్.

"నువ్వు అడిగినవా? ఇంటికొస్తే చాయ్ తాగి పోయేటోనివి. రెండేండ్ల సంది ఆయన కండ్లకు పొర వచ్చింది. కంపెనీకి తెలిస్తే కొలువు పోతదని ఎవ్వరికీ చెప్పకపోయె. తెల్లారంగ నన్ను ఎంట తెచ్చుకునేది. ఆయన పక్కన కూసోని బీడీ తాగేది, నేను అతికేది. ఈ పీలికలు సూడు, అన్నీ నా చీరలే. ఏది ఏడికి పోతదో నాకు ఎరుక లేకుంటె ఇంకెవరికుంటది? ఎర్రంచుది పెండ్లి చీర. అది తెల్లాపూర్ లైను. గోడ కట్టేముందు ఈ డబ్బాను మేమే ఈ గదిలకు మార్చినం."

"మరి ఈ నాలుగు రోజులు పనులకు ఎందుకు పోయినవమ్మా?" అన్నాడు మహేంద్ర.

ఆమె వింతగా చూసింది. "మీరే గద మెసేజ్‌లు పెట్టి పిలుస్తున్నరు. ఆయన మిషను ఇంట్లనే ఉండె, ఆయన జాగల నన్ను పెట్టుకున్నరనుకున్న. క్యాంటీన్ల ఎనిమిదింటికి ఎక్కాలె, అందుకని ముందే చేసి పోతున్న. ఇయ్యాల ఇది పెద్ద పని, ఆడ నాగా పెట్టిన. ఇగ రావద్దంటున్నరు వాళ్ళు."

"అందులో ఆయన పేరు ఉన్నది గదా. నీకు అనుమానం రాలేదా?"

"ఏం అనుమానం? రేషను కార్డు ఆయన పేరు మీదనే ఉన్నది, కరెంటు బిల్లు ఆయన పేరు మీదనే వస్తది, గ్యాసు ఆయనదే. వండేది నేను. కాయితాలల్ల గట్లనే ఉంటది గద సారూ." ఆమె ఇంకో తీగ అందుకుంది. "మంగళారం ఫోను చేసి మాట్లాడకుంట పెట్టేసింది నువ్వేనా? చేతిల అన్నం గుండిగె ఉన్నది, చెవుల పెట్టుకునేసరికి కట్ చేసినవ్."

మహేంద్ర లైటు కొంచెం పక్కకు తిప్పాడు, తన ముఖం కనిపించకుండా.

తొమ్మిదీ ఇరవైకి తెల్లాపూర్ మొత్తం వెలిగింది. పదింటికి శివరామకృష్ణ గారు ఆఫీసులో కూర్చుని తన ఫోను బాపిరాజు గారి ముందు పెట్టారు. 'నర్సన్న మీ సమస్యను పరిష్కరించారు' అని ఉంది.

"సిస్టం సంగతి తర్వాత. ముందు ఈ నర్సన్న గారిని చూడాలండీ."

"ఆయన బయట ఉన్నారండీ," అన్నారు బాపిరాజు గారు.

"బయటంటే ఎక్కడ?"

"బాగా బయట."

మహేంద్ర లేచి నిలబడ్డాడు. ఒక్క అబద్ధం చెబితే చాలు, ఉద్యోగం నిలుస్తుంది. తలుపు అవతల మెట్ల మీద, మిషను ఒళ్ళో పెట్టుకుని, క్యాంటీన్ కొలువు పోయిన మనిషి కూర్చుని ఉంది.

"నర్సన్న చనిపోయి అయిదు నెలలైంది సార్. అతికింది ఆయన భార్య. నాలుగు రోజుల నుంచీ కాదు, రెండేళ్ళ నుంచీ."

శివరామకృష్ణ గారు బాపిరాజు గారిని, సిస్టంను మార్చి మార్చి చూశారు. "అంటే ఇందులో రాసిందంతా తప్పేనా?"

"తప్పు దానిది కాదు సార్. ఎవరు అతికారు అని అది సరిగ్గానే అడిగింది. నేను మగవాళ్ళను మాత్రమే అడిగి రాశాను."

శివరామకృష్ణ గారు ఫోను జేబులో పెట్టుకుని తలుపు దగ్గరికి వెళ్ళి, మెట్ల మీదికి తొంగి చూశారు.

"అమ్మా, సోమవారం నుంచి మా ఇళ్ళకు మీరే వస్తారా?"

"వీళ్ళు మెసేజ్ పెడితే వస్త సారూ," అంది బాలమణి.

బాపిరాజు గారు ఆ రోజే ఆమెను పెద్ద లైన్‌మన్‌గా తీసుకున్నారు. మహేంద్రకు ఆరో నెల ముగియకముందే ఉద్యోగం ఖాయమైందన్నారు. 'తప్పు నాదే అని ఒప్పుకునేవాడు ఒకడైనా ఆఫీసులో ఉండాలి, రేపు నాకు పనికొస్తాడు' అన్నారు ఇంద్రజతో. మిగిలింది నాలుగు వందల పన్నెండు గడుల్లో పేరు మార్చడం. దానికి ముందు నర్సన్న రాజీనామా చేయాలి.

మహేంద్ర నొక్కాడు. బాలమణి చేతిలో పాత ఫోను కిర్రుమంది. ఆమె దాన్ని కొంగుతో తుడిచి చూసింది.

"గిది చెప్తే ఆయన పేరు పోతదా సారూ?"

"పోదమ్మా. పాత రికార్డుల ఉంటది."

"ఉండనీ," అని, ఒక్కొక్క అంకే చదివింది.

పదకొండూ పదికి నర్సన్న స్వయంగా రాజీనామా చేశారు. కారణం అనే గడి ఖాళీగా ఉంచడానికి సిస్టం ఒప్పుకోదు కాబట్టి మహేంద్ర 'వ్యక్తిగతం' అని రాశాడు.